డ్రమ్ములోకి పోని తల

జూలై 3

మరదలు పిల్లకి,

ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ క్షేమమేనని మీ అన్నయ్య చెప్పాడు. ఫోన్ మోగితే ఆయనే ఎత్తి, ఆయనే మాట్లాడేసి, "అందరూ బాగున్నారు" అని పెట్టేస్తాడు. ఇక నాకు మిగిలేది ఈ కాగితమే. నిజానికి నాకూ ఇదే నయం. పొద్దుట్నుంచి పిల్లల మీద అరిచి అరిచి ఇంటికొచ్చాక నోరు తెరవాలంటే విసుగు. రాయడానికైతే ఇంకాస్త ఓపిక మిగులుతుంది.

స్కూలు తెరిచారు. పై అంతస్తులో సంగీతం వాళ్లకి కొత్త ఫ్యాన్లు వేశారు. కింద మట్టిబొమ్మల క్లాసులో పొర్లే మాకు మాత్రం పాతవే. బొమ్మలు కాల్చే కరెంటు బట్టీలో తీగ మళ్లీ కాలిపోయింది. బాగుచేసేవాడు రేపంటాడు, ఆ రేపు ఎప్పుడొస్తుందో. నాటకం మాస్టారు తన రాజుగారి సింహాసనానికి చోటు లేదని దాన్ని తెచ్చి మా గదిలో పడేశాడు. పిల్లలు దాని మీద బొమ్మలు ఆరబెట్టుకుంటున్నారు. నేను చూసీ చూడనట్టు ఊరుకుంటున్నా.

నీ కూతురు నా చెవి దాకా ఎదిగింది, అయినా నాకు పొట్టిదే. రెండో ఏడాదిలోకి వచ్చింది. పొద్దుటిపూట లెక్కలూ సైన్సూ పాసైతే చాలదా అని అడిగావు. చాలదమ్మా. డిసెంబరులో జరిగే ప్రదర్శనలో రెండో ఏడాది పిల్లలు ప్రతి ఒక్కరూ బట్టీలో కాల్చిన బొమ్మ ఒక్కటైనా పెట్టాలి. పెట్టకపోతే కళల సీటు పోతుంది. ఈ ఊరి పిల్లలైతే మామూలు సెక్షన్‌లోకి మారి చదువుకుంటారు. మనదానిలా బయటూరి నుంచి వచ్చినవాళ్లకి ఆ వీల్లేదు. పెట్టె సర్దుకుని ఇంటికి పోవాల్సిందే.

మా గదిలో ఒక నీళ్ల డ్రమ్ముంది, దాని సంగతి నీకు చెప్పానో లేదో. కాల్చనంత వరకూ బొమ్మ మట్టే కదా. నచ్చనిదాన్ని చేసినవాళ్లే తెచ్చి అందులో వేస్తారు. కరిగిపోతుంది, మళ్లీ పిసుక్కుని వాడుకుంటారు. టీచరు ఎవరి బొమ్మనీ అందులో వెయ్యకూడదు, వెయ్యమని అనకూడదు, వద్దనీ అనకూడదు. అది మా గది పద్ధతి. పొట్టిది సెలవుల్లో కూడా నీ దగ్గరికి రాకుండా ఇక్కడే కూర్చుని చేసింది కదా, చేసినవన్నీ తీసుకెళ్లి ఆ డ్రమ్ములో ముంచేసింది. ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు.

నువ్వేం కంగారు పడకు. తిండి బాగానే తింటోంది.

మీ అన్నయ్య కళ్లజోడు మీద కూర్చుని విరగ్గొట్టుకున్నాడు. ఎవరు కూర్చున్నారో చూడలేదంటాడు.

ఉంటాను,
వదిన

*

జూలై 19

వదినా,

కాగితం మీద తడి మరకలున్నాయి, ఏడ్చాననుకోకు, ఆవిరి. భోజనం వేళ లాండ్రీ వెనక గుమ్మంలో కూర్చుని రాస్తున్నా. ఆసుపత్రిలో కొత్త వార్డు తెరిచారు, మాకు మాత్రం కొత్త మనిషి రాలేదు. దుప్పట్లన్నీ మా చేతుల మీదుగానే పోవాలి. ఇంటికెళ్లాక నా మంచం మీది దుప్పటి సరిచెయ్యాలన్నా మనసొప్పదు. మా ఆయన లారీ ఎటు పోయిందో ఆయనకే తెలియాలి.

పొట్టిది రాసింది. ఎప్పట్లాగే రెండు ముక్కలు. "అత్త చూసిందంటే ఇంక డ్రమ్ములోకే" అని. ఇదేంటి వదినా? టీచరు ఎవర్నీ వెయ్యమనకూడదని నువ్వే రాశావు కదా. నువ్వు నోటితో అనక్కర్లేదులే. కనుబొమ్మ ఎత్తితే చాలు. నువ్వు మా ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు నేను కుట్టిన దిండు చూసి ఎత్తావే, ఆ కనుబొమ్మ నాకింకా గుర్తే. అప్పట్నుంచి సూది ముట్టుకోలేదు నేను.

ఒక్కసారి బాగుందని అను. అబద్ధమైనా సరే. నీ సొమ్మేం పోతుంది? దాని సీటు పోతే నేను తట్టుకోలేను. ఈ ఆవిరిలో నేను పడ్డ పాట్లు చాలు, దాని చేతులకి వేరే పని రావాలి.

ఇంతకీ ఏం చేస్తోందది? అడిగితే చెప్పదు.

గంట కొట్టారు.

మరదలు

*

ఆగస్టు 8

మరదలు పిల్లకి,

నా కనుబొమ్మల మీద పడ్డావన్నమాట. ఆ దిండుకి ఒక పక్క కుట్టడం మర్చిపోయావు తల్లీ, దూది అంతా నేల మీదుంటే కనుబొమ్మ కాక ఇంకేం ఎత్తాలి?

సగం చేసిందొకటి దూరం నుంచి కనిపిస్తే బాగుందని అన్నాను. నువ్వు చెప్పావని కాదు, నిజంగానే బాగుంది. అన్న మర్నాడే ముంచేసింది. ఇప్పుడు చెప్పు, నేనేం చెయ్యను?

అప్పట్నుంచి నేను గదిలోకి వస్తే తడిబట్ట కప్పేస్తుంది. దాని బల్ల గోడకి ఆనుకుని ఉంటుంది, దగ్గరికి వెళ్తే అడ్డంగా నిలబడుతుంది. బొమ్మ చుట్టూ తిరిగి చూడండర్రా, ఒక వైపే చూస్తే అది బొమ్మ కాదు, గోడ మీది పటం అవుతుంది అని అరవడమే నా ఉద్యోగం. ఇది మాత్రం నన్ను ఏ వైపు నుంచీ చూడనివ్వదు. నిన్న అందరూ వెళ్లిపోయాక బట్ట ఎత్తి చూశాను. ఎవరో ఆడమనిషి తల. బాగా చేసింది. అంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు.

బట్టీ బాగుచేసేవాడు వచ్చాడు. చూసి, తల ఊపి, వెళ్లిపోయాడు. హెడ్మాస్టరు గారు ఈ ఏడాది గది ఖాళీ చేసి నాటకం వాళ్లకి ఇవ్వగలరా అని మెత్తగా అడిగారు. గట్టిగా అడిగితే పోట్లాడేదాన్ని. మెత్తగా అడిగేసరికి ఓపిక చాల్లేదు, ఆలోచిస్తానన్నాను.

పొట్టిదానికి నీ ఫోటో ఒకటి కావాలట. ఎందుకని నేను అడగలేదు. పంపు.

వదిన

*

సెప్టెంబరు 2

వదినా,

ఫోటో పెట్టాను. ఆసుపత్రి కార్డు కోసం తీసింది, ఇంకోటి లేదు. ఏదో ఎత్తుకుపోతూ దొరికిపోయినట్టున్నాను, ఏం చెయ్యను, నా ముఖమే అంత. ఫోటో ఎందుకట? నన్ను చూసి ఏడాది దాటింది, నా ముఖం మర్చిపోయిందా ఏంటి? అలా అన్నానని దానికి చెప్పు, నవ్వుతుంది.

ఆ ఆడమనిషి ఎవరో నువ్వు చెప్పలేదు. ఒక పక్క బాగుందంటావు, ఇంకో పక్క ఏం రాయాలో తెలియదంటావు. నాకు అర్థం కాలేదు. నేను చదువుకున్నదాన్ని కాను, విడమర్చి చెప్పాలి నువ్వు.

గది ఇవ్వకు. ఆలోచిస్తానని కూడా అనకు.

మా ఆయన వచ్చి ఒక పూట పడుకుని వెళ్లాడు. నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నాడు.

మరదలు

*

అక్టోబరు 11

వదినగారికి,

మీరు జవాబు రాయక నెల దాటింది. ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది.

మా వీధి టైలరమ్మ కూతురు మీ స్కూల్లోనే పై అంతస్తులో పాట నేర్చుకుంటోంది. నాలుగు రోజులు సెలవు దొరికితే ఇంటికొచ్చింది. మా పొట్టిదాని బొమ్మ ఎంతవరకు వచ్చింది అని నేనే నోరు జారి అడిగాను. "వాళ్ల అత్త తల చేస్తోందిగా ఆంటీ, అందరికీ తెలుసు, చేసిందే మళ్లీ మళ్లీ చేస్తోంది" అంది. టైలరమ్మ నా వంక చూసింది. నేను గుడ్డ కొలతల సంగతేదో మాట్లాడి వచ్చేశాను.

ఎవరో ఆడమనిషి అని రాశారు. ఆ ఆడమనిషి మీరేనన్నమాట. ఇంట్లో అద్దం లేదా వదినగారూ? మీకు నచ్చేదాకా మీ తల చేస్తూ ముంచుతూ, ముంచుతూ చేస్తూ నా పిల్ల సీటు పోగొట్టుకోవాలా? నా ఫోటో ఎందుకు అడిగారో ఇప్పటికీ తెలియదు. పక్కన పెట్టుకుని నవ్వుకోవడానికా?

పిల్లలు లేని లోటు ఎలాంటిదో నేను కాదనను. కానీ నా పిల్లతో ఆ లోటు తీర్చుకోమని నేను పంపలేదు. చదువుకోమని పంపాను.

ప్రదర్శనా వద్దు, సీటూ వద్దు. అన్నయ్యతో చెప్పి దాన్ని బండెక్కించండి. ఇక్కడా స్కూళ్లున్నాయి.

ఇట్లు,
మీ ఆడపడుచు

*

అక్టోబరు 20

మరదలు పిల్లకి,

"గారు" అని ఎంత శుభ్రంగా తగిలించావు. మీ అన్నయ్యకి ఉత్తరం చదవనివ్వలేదు. మిగతా మాటలు కూడా మడిచి లోపల పెట్టుకున్నాను. నొప్పి పుట్టింది, అంతవరకూ చెప్పి ఊరుకుంటాను.

ఇప్పుడు విడమర్చి చెబుతా. ముందే చెప్పాల్సింది. కలం పట్టుకుంటే చెయ్యి రాలేదు, నువ్వెంత బాధపడతావో తెలుసు కనుక.

పొట్టిది నా తల చెయ్యడం లేదు. నీది చేస్తోంది. మొదటి రోజు నుంచీ నీదే. ఫోటో లేకుండా, ఎవరికీ చెప్పకుండా, మనసులో ఉన్నదాన్ని చేతుల్లోకి తెచ్చుకుందామనుకుంది. నుదురు వరకూ బాగానే వస్తోందట. కళ్లూ ముక్కూ పెట్టేసరికి నేనవుతున్నాను. నేను బట్ట ఎత్తి చూసిన రోజు నాకు నేనే ఎదురుపడ్డాను. కనుబొమ్మతో సహా. నీ కూతురు రోజూ అన్నం తినేటప్పుడు ఎదురుగా కనిపించేది నా ముఖమే కదా. దాని చేతులకి అదే అలవాటైంది. నేనేం చెయ్యను? ముఖం ఎక్కడ దాచుకోను?

నీ ఫోటో వచ్చాక ఇంకా పాడైంది. దాన్ని చూసి చేస్తే ఆసుపత్రి కార్డులాగే వచ్చింది. అదీ ముంచేసింది. "నా ముఖం మర్చిపోయిందా ఏంటి" అని నువ్వు నవ్వుతూ రాసిన మాట దానికి చెప్పలేదు నేను. చెప్పి ఉంటే ఏమయ్యేదో.

మొన్న సాయంత్రం నేను తాళం వెయ్యబోతుంటే ఇంకో తల రెండు చేతుల్లో పట్టుకుని డ్రమ్ము దగ్గర నిలబడి ఉంది. "అమ్మ ముఖం నీదైపోతోంది అత్తా, నాకు అమ్మ గుర్తు రావడం లేదు" అని ఒకటే ఏడుపు. మా గది పద్ధతి ప్రకారం వద్దనే హక్కు నాకు లేదు. అందుకని వద్దనలేదు. డ్రమ్ము మూత వేసి దాని మీద కూర్చున్నాను. నా బరువు సంగతి నీకు తెలుసు. అది కాసేపు చూసి, తలని మళ్లీ బల్ల మీద పెట్టి, గోడ వైపు తిరిగి నిలబడింది.

ఆ తల ఒక్కటే ఇప్పుడు మిగిలింది. నెమ్మదిగా ఆరాలి, తర్వాత కాల్చాలి. నవంబరు సగానికల్లా ఆరబెట్టకపోతే ప్రదర్శనకి అందదు. తడి ఉండగా కాలిస్తే పేలిపోతుంది. ఇంకోటి చెయ్యడానికి రోజులు లేవు. కాల్చమంటే అది వినడం లేదు. అమ్మ అని పేరు పెట్టి అత్త ముఖం ఎలా పెట్టను అంటోంది.

తీసుకొచ్చేయమంటే తీసుకొస్తాను, నీ జవాబు అందిన ఆదివారమే. నాకూ అలసిపోయినట్టుంది. ఒక్క మాట రాయి.

వదిన

*

నవంబరు 2

వదినా,

ఉత్తరం లాండ్రీలోనే చదివాను. ఈసారి కాగితం మీద పడ్డది ఆవిరి కాదు. పక్కవాళ్లెవరూ కనిపెట్టలేదు, ఇక్కడ అందరి ముఖాలూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఆలస్యంగా రాస్తున్నా. రెండుసార్లు మొదలుపెట్టి చించేశాను. మొదటిదాంట్లో నిన్ను తిట్టాను, రెండోదాంట్లో దాన్ని. మూడోదానికి తిట్టే ఓపిక అయిపోయింది.

ఆ లోటు మాట అన్నాను చూడు, దాన్ని ఆ డ్రమ్ములో వెయ్యి.

నువ్వు చెప్పింది నిజమే అయ్యుంటుంది. నా ముఖం అదెప్పుడు చూసింది? పొద్దున లేస్తే స్టవ్ వైపు తిరిగి ఉంటాను. తర్వాత స్కూటర్. సాయంత్రం మళ్లీ స్టవ్. ఒకటో క్లాసు నుంచి మీ దగ్గరికి వచ్చేదాకా రోజూ స్కూటర్ వెనక కూర్చునే బడికి వెళ్లింది. నుదురు నా మెడకి ఆనించి పెట్టుకునేది, చలికాలంలో ముక్కు కూడా. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు నా ముడి విప్పి మళ్లీ వేసేది, ఎప్పుడూ ఎడమ పక్కకి ఒరిగేది, "నీ జుట్టే అంత అమ్మా" అనేది. నా మెడ మీద, చెవి కింద, ఆవిరి కాలిన మచ్చ ఒకటుంది. చిక్కుడు గింజలా ఉంటుందట. నేనెప్పుడూ చూడలేదు, అది చెబితేనే తెలుసు. దాని మీద వేలు పెట్టి ఇంటికొచ్చేదాకా తియ్యదు.

అందుకని ఒకటి అడుగుతున్నా. వదినా, ఆ తల వెనక్కి వెళ్లి చూశావా?

చూశాక నీకేం తోస్తే అది చెయ్యి. నేను బండెక్కించమని అన్నది మర్చిపో. కాల్చినా నాకేం పర్లేదని దానికి చెప్పు. నీ ముఖమే అయినా పర్లేదు. దానికి రోజూ కనిపించే ముఖం ఒకటి ఉంది కదా, అదే నాకు చాలు.

మరదలు

*

డిసెంబరు 14

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం అందినప్పుడు స్టాఫ్ గదిలో ఉన్నాను. చదివి కిందకి పరిగెత్తాను. పరిగెత్తడమంటే నా మోకాళ్లతో ఎంత వీలైతే అంత. పొట్టిది లేదు, పొద్దుటి లెక్కల క్లాసులో ఉంది. బల్లని గోడ దగ్గర్నుంచి లాగి, బట్ట తీసి, వెనక్కి వెళ్లి చూశాను.

ముడి ఎడమ పక్కకి ఒరిగి ఉంది. మెడ మీద రెండు పాయలు జారి ఉన్నాయి. చెవి కింద మచ్చ ఉంది. నీ మెడ కొంచెం ముందుకి వంగి ఉంటుంది కదా, బండి నడిపేవాళ్లకి ఉంటుందే, అది కూడా. కిందకి కూర్చుని ఏడ్చాను. రోజూ పిల్లలకి చుట్టూ తిరగమని గొంతు చించుకునేదాన్ని, నా ముఖం కనిపించేసరికి అక్కడే ఆగిపోయాను. ఆ బల్లని లాగాలని ఇన్ని నెలల్లో తోచలేదు నాకు.

పొట్టిదాన్ని పిలిచి చూపించాను. అది ఆశ్చర్యపోలేదు. "వెనక ఎప్పుడూ కుదిరేది అత్తా, ముందే కుదరలేదు" అంది. డ్రమ్ములో కరిగిపోయిన వాటన్నిటికీ వెనక నువ్వే ఉన్నావన్నమాట. ప్రతిదీ వెనక నుంచే మొదలుపెట్టిందట. అది సరిగ్గానే వచ్చింది కాబట్టి దానికి లెక్కలోకే రాలేదు. నీ ఉత్తరం దాని చేతికిచ్చాను. చదువుకుని మడిచి జేబులో పెట్టుకుంది, నాకు తిరిగివ్వలేదు. తర్వాత కాల్చేద్దామంది.

కాల్చే ముందు లోపల బోలుగా చెయ్యాలి. నెత్తి మూతలా కోసి లోపలి మట్టి తవ్వాం. మరదలి బుర్రలో ఏముందో చూసే భాగ్యం కలిగింది నాకు. తర్వాత అతికించి సింహాసనం మీద ఆరబెట్టాం. నాటకం మాస్టారు వచ్చి తన సింహాసనం మీద ఎవరని అడిగితే, రాణీ అని చెప్పాను. గది మాత్రం ఇవ్వనన్నాను, ఈసారి ఆలోచించకుండానే. బట్టీ కూడా కరుణించింది. చెవి దగ్గర చిన్న బీట వచ్చింది, అంతే.

ప్రదర్శన నిన్న అయింది. అందరూ తమ బొమ్మల ముఖాలు జనం వైపు పెట్టారు. మనది గోడ వైపు పెట్టింది. బల్లకీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగితే పట్టేంత సందు వదిలింది. కింద చీటీ మీద "అమ్మ" అని రాసింది. చూడ్డానికి వచ్చిన పెద్దలు వెనక భాగం చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఒక్కొక్కరే కడుపు లోపలికి పీల్చుకుని ఆ సందులోకి దూరారు. బయటికొచ్చి నా వంక చూశారు. నేను కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాను.

సీటు నిలిచింది.

సెలవులకి పొట్టిదాన్ని మీ అన్నయ్య తీసుకొస్తున్నాడు. తల కూడా వస్తోంది, పాత దుప్పటిలో చుట్టి ఒళ్లో పెట్టుకోమన్నాను. కళ్లజోడు గతి పట్టించకుండా తెస్తే చాలు. ఏ వైపు తిప్పి పెట్టుకుంటావో నీ ఇష్టం.

నేను రాను. ఈ పది రోజులూ పడుకుంటాను.

వదిన

*

డిసెంబరు 27

వదినా,

ముగ్గురూ చేరారు. అన్నయ్య, పొట్టిది, తల. దారంతా తనే మోశానని అన్నయ్య అంటాడు, లేదని అది అంటుంది.

నా మచ్చ మొదటిసారి చూసుకున్నాను. చిక్కుడు గింజలాగే ఉంది. తల స్టవ్ పక్కన గూట్లో పెట్టాను, నీ ముఖం నా వైపు. ఉప్పు ఎక్కువైతే ఇక అక్కడే కనుబొమ్మ ఎత్తు. టైలరమ్మ కూతురితో సహా వచ్చి చూసింది. "ఎవరు ఇది" అని అడిగితే, "మేమిద్దరం" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నేనూ విడమర్చలేదు.

నిన్న సాయంత్రం పని నుంచి వచ్చి అలాగే స్టవ్ దగ్గరికి వెళ్లబోతుంటే పొట్టిది చెయ్యి పట్టుకుని ఆపింది. కుర్చీ ఒకటి లాగి గది మధ్యలో వేసి కూర్చోమంది. ఏంటే, అన్నం ఎవరు వండుతారు అన్నాను. మామయ్య వండుతాడంది. అన్నయ్య నిజంగానే లేచి వెళ్లాడు. అది నా చుట్టూ ఒకసారి తిరిగి, ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుని, నా ముఖం వంక చూస్తూ ఉండిపోయింది. నాకు సిగ్గేసింది. పని బట్టలైనా మార్చుకోలేదు, జుట్టంతా రేగిపోయి ఉంది. లేవబోయాను.

"కదలకమ్మా" అంది.

కదలకుండా కూర్చున్నాను వదినా. అలా ఊరికే కూర్చుని ఎన్నాళ్లయిందో.

మరదలు